వార్త వచ్చిన దారి

 

ధార్మిక సోదరులారా! మా బాల్యంలో ఇంటికి వచ్చే ఉత్తరాలలో ఒక రకం పోస్టుకార్డును చూస్తే మా తల్లిగారు బెదిరిపోయేవారు. దాని మీద పంపినవారి పేరు ఉండేది కాదు. మదీనాలో దైవప్రవక్త (స) సమాధి సేవకుడైన షేక్ అహ్మద్ అనే వ్యక్తికి కల వచ్చిందనీ, ఆ కలలో ప్రవక్త (స) ముస్లిములకు చివరి హెచ్చరిక చేశారనీ, ఈ మాటలను నకలు రాసి పంచినవారికి లాభమూ పంచనివారికి ఆపదా కలుగుతాయనీ అందులో ఉండేది. మా తల్లిగారికి చదువు రాదు. అందుచేత నకళ్ళు రాసే పని మాకు పడేది. కార్డుల ఖర్చు ఇంటి సరుకుల డబ్బులో నుండి వెళ్ళేది. ఒకసారి విసుగు పుట్టి రాయకుండా కార్డును చూరులో దోపేశాము. ఆ వారమే ఇంట్లో మేక చనిపోయింది. ఆ మేక బరువును మేము ఎన్నేళ్ళు మనసులో మోశామో అల్లాహ్‌కే తెలుసు.

మదరసాలో చదువుకునే రోజుల్లో ఈ కార్డు చరిత్ర తెలిసింది. డచ్చి పండితుడు స్నూక్ హుర్‌ఖ్రోన్యె 1884లోనే ఈ ‘అంతిమ హెచ్చరిక’ను గురించి వ్యాసం రాశాడు. 20వ శతాబ్దంలో సౌదీ ధర్మవేత్త షేక్ ఇబ్న్ బాజ్ (రహ్మ) ఇది కల్పితమని వివరంగా ఖండించారు. అంటే మా ఇంటి గడపలోకి వచ్చిన కార్డు మా తాతగారి తండ్రుల కాలం నుండీ ఊళ్ళు తిరుగుతున్నదే. చేతిరాతగా నడిచి, అచ్చు కరపత్రమై, పోస్టుకార్డై, జిరాక్సు కాగితమై, ఎస్సెమ్మెస్సై, ఇప్పుడు వాట్సాప్ సందేశమైంది. మొన్నటి రమజాను మాసంలో తరావీహ్ ముగిశాక మన మసీదు పిల్లవాడొకడు ఫోను తెచ్చి, “హజ్రత్, ఇది నిజమేనా?” అని చూపించాడు. అదే షేక్ అహ్మద్, అదే కల. పైన పచ్చని గుమ్మటం బొమ్మ ఒకటి కొత్తగా చేరింది.

ఆ పిల్లవాడు మాకంటే అదృష్టవంతుడు. అడగవచ్చునని వాడికి తెలిసింది. ఆ వయసులో మాకు తెలియలేదు. నేటి ప్రసంగం ఆ ప్రశ్నను గురించినది.

వదంతులకు మన తీరం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950 ఆగస్టు 15న ఏర్పడింది. పలాస, టెక్కలి ప్రాంతాలు నాడు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. బాంబులు నిజం. కానీ ఆ వెంటనే శత్రు నౌకాదళం దక్షిణానికి వస్తున్నదన్న సమాచారం నమ్మి మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలనే నగరం నుండి తరలించింది. జనం దొరికిన బండి ఎక్కి పల్లెలకు పోయారు. ఆ నౌకాదళం రాలేదు. ఒక నిజం పక్కన నిలబడినప్పుడు అబద్ధానికి ఎంత బలం వస్తుందో చూడండి.

2004 డిసెంబరు 26 సునామీ తరువాత కూడా ఇదే జరిగింది. నాలుగవ రోజున, డిసెంబరు 30న, అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ చెప్పిన జోస్యాన్ని ఆధారం చేసుకుని కేంద్ర హోం శాఖ మరో సునామీ రావచ్చునని హెచ్చరిక పంపింది. శవాలు ఇంకా ఒడ్డుకు కొట్టుకొస్తున్న దక్షిణ తీరం మళ్ళీ పరుగు తీసింది. సహాయ కార్యక్రమాలు ఆగాయి. అదే రోజు శాస్త్ర సాంకేతిక మంత్రి కపిల్ సిబల్ ఆ జోస్యానికి శాస్త్రీయమైన ఆధారం లేదని కొట్టిపారేశారు. చదువుకోనివారే మోసపోతారని మనం అనుకుంటాము. ఆ రోజు మోసపోయినది ఢిల్లీ కార్యాలయం. వారు చేయని పని ఒక్కటే: ఆ మాట చెప్పినవారు ఎవరు, అటువంటి మాట చెప్పే అర్హత వారికి ఎలా వచ్చింది అని పక్క గదిలోని శాస్త్రవేత్తను అడగలేదు. అటువంటి పొరపాటుకు తావు లేకుండా ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. 2007 నుండి అది పనిచేస్తున్నది.

మరొకటి చెప్పి ముందుకు పోతాము. పెద్ద నోట్లు రద్దయిన మూడవ రోజు, 2016 నవంబరు 11, శుక్రవారం. దేశంలో ఉప్పు కరువు వచ్చిందనీ కిలో వందల రూపాయలకు అమ్ముతున్నారనీ ఉత్తరాది నుండి హైదరాబాదు దాకా ఫోన్లలో పాకింది. జనం దుకాణాల ముందు తోసుకున్నారు. టెక్కలి నుండి ఒక సోదరుడు మాకు ఫోను చేసి, ఒక బస్తా కొని ఉంచమంటారా అని అడిగారు. ఆయన ఇంటి నుండి నౌపడ ఉప్పు మడులు కొద్ది కిలోమీటర్ల దూరం. రైలులో పోయేవారికి కిటికీలో నుండి తెల్లని కుప్పలు కనిపిస్తాయి. ఉప్పు పుట్టే చోట కాపురముండి, ఉప్పు లేదన్న మాటను ఫోనులో చూసి నమ్మడం! మేము నవ్వాము. తరువాత ఆ మేక గుర్తుకు వచ్చి నవ్వు ఆగిపోయింది.

సోదరులారా, వార్తను ఎలా పుచ్చుకోవాలన్న విషయం మన ధర్మంలో పక్కన పెట్టదగిన చిన్న మర్యాద కాదు. హుజురాత్ సూరా ఆరవ ఆయతు, నమ్మదగని వ్యక్తి తెచ్చిన వార్తను విచారించకుండా ఒక జాతి మీదికి పోవద్దని విశ్వాసులను ఆపుతుంది. నూర్ సూరాలోని కొన్ని ఆయతులు హజ్రత్ ఆయిషా (రజి) మీద పడిన అపనింద సందర్భంలో అవతరించాయి. ఆ నిందను కల్పించినవారు కొద్దిమంది. మోసినవారు మంచివారు కూడా. బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారు సైతం వారిలో ఉన్నారు. ఒక నెల రోజుల పాటు ఒక ఇల్లాలు కన్నీటిలో మునిగింది. అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో మాత్రం ఆ మాట వచ్చినప్పుడు భార్యాభర్తలు, నీవైతే అటువంటి పని చేస్తావా అని ఒకరినొకరు అడిగి, చేయమని ఒకరికొకరు చెప్పుకుని, ఆ మాటను గడప దాటనివ్వలేదు. 2023 నవంబరులో సినీనటి రష్మిక మందన్న ముఖాన్ని కంప్యూటరు సహాయంతో మరొక స్త్రీ దేహానికి అతికించిన వీడియో దేశమంతటా తిరిగింది. యంత్రం కొత్తది. దాన్ని చేతులు మార్చిన వేళ్ళ పని మాత్రం మదీనాలో ఆ నెల జరిగినదే.

ఇక్కడి నుండి మన పూర్వీకులు కట్టిన ఒక విద్య చరిత్ర మొదలవుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో అబూ మూసా అష్‌అరీ (రజి) ఆయన ఇంటికి వెళ్ళి మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోతే తిరిగి వచ్చేశారు. ఎందుకు వెళ్ళిపోయావని ఉమర్ (రజి) అడిగారు. మూడుసార్లు అడిగినా అనుమతి రాకపోతే మరలిపోవాలని ప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆయన అన్నారు. దానికి సాక్షిని తెమ్మన్నారు ఉమర్ (రజి). అబూ మూసా (రజి) ముఖం పాలిపోయి అన్సారుల కూటమికి వచ్చారు. ఉబై బిన్ కాబ్ (రజి), మాలో అందరికంటే చిన్నవాడే దీనికి సాక్ష్యం చెబుతాడన్నారు. కుర్రవాడైన అబూ సయీద్ ఖుద్రీ (రజి) లేచి వెళ్ళి సాక్ష్యమిచ్చారు. నిన్ను అనుమానించలేదు, జనం ప్రవక్త పేర మాటలు అల్లుతారని భయపడ్డానని ఉమర్ (రజి) తరువాత ఆయనకు వివరించారని కూడా ఉల్లేఖనాలలో ఉంది. ఈ ఘటనలో మాకు రెండు సంగతులు నచ్చుతాయి. ఆధారం అడగడం అవమానించడం కాదు. అబూ మూసా వంటి మహనీయుణ్ణి అడిగినప్పుడు మన గ్రూపులో పెదనాన్నగారిని అడగడంలో తప్పు లేదు. రెండవది, ఆ రోజు సభలో నిజాన్ని నిలబెట్టినవాడు అందరికంటే చిన్నవాడు.

జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక హదీసును దాన్ని స్వయంగా విన్నవారి నోట వినడం కోసం ఒంటెను కొని నెల రోజులు ప్రయాణం చేసి సిరియా దేశంలో అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) తలుపు తట్టారు. ఆ మాట ఆయనకు అప్పటికే ఇతరుల ద్వారా చేరింది. అయినా మూలం దగ్గరికి పోయారు. ఇప్పుడు మూలం దగ్గరికి పోవడానికి మనకు నెల రోజులు పట్టదు. కూర్చున్న చోటు నుండి లేవనవసరం కూడా లేదు. అయినా పోము.

కొంత కాలానికి ముస్లిములలో అంతఃకలహాలు రేగాయి. ప్రతి వర్గమూ తనకు అనుకూలమైన మాటను ప్రవక్త (స) పేర ప్రచారం చేయసాగింది. మునుపు ఉల్లేఖకుల పరంపరను అడిగేవారు కాదనీ, కలహం రేగిన తరువాత మీ మనుషుల పేర్లు చెప్పండని అడగసాగారనీ బస్రా పండితుడు ఇబ్న్ సీరీన్ (రహ్మ, మరణం హిజ్రీ 110) చెప్పినట్లు ఇమామ్ ముస్లిమ్ తమ గ్రంథపు ఉపోద్ఘాతంలో నమోదు చేశారు. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అసత్యవాదిని చేయడానికి చాలునన్న భావం గల హదీసు కూడా అక్కడే ఉంది. ఇలా ‘ఇస్నాద్’ పుట్టింది. ఎవరు ఎవరి వద్ద విన్నారు, వారిద్దరూ ఒకే కాలంలో జీవించారా, ఒకే ఊరిలో కలిశారా, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, వృద్ధాప్యంలో తడబడ్డాడా? ఈ ప్రశ్నలకు జవాబులుగా వేలాది మనుషుల జీవిత వివరాలతో సంపుటాలు తయారయ్యాయి. గొలుసులో ఒక కడియం తెగితే దానికి ఒక పేరు, మొదటి కడియం లేకపోతే మరొక పేరు పెట్టారు.

ఈ విద్య ఎంత పదునైనదో తెలుసుకోవడానికి బాగ్దాదుకు పోదాము. హిజ్రీ 5వ శతాబ్దంలో మంత్రి ఇబ్నుల్ ముస్లిమా వద్దకు ఒక పత్రం వచ్చింది. ఖైబర్ వాసులకు ప్రవక్త (స) జిజియా పన్ను మినహాయించినట్లు అందులో ఉంది. కింద సహచరుల సాక్ష్యాలున్నాయి. పాత కాగితం, గంభీరమైన భాష, గౌరవనీయమైన పేర్లు. కొట్టివేయడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? మంత్రి దాన్ని ఖతీబ్ బాగ్దాదీ (రహ్మ) కు చూపించారు. ఆయన పరిశీలించి ఇది కూటపత్రం అన్నారు. ఎలా చెప్పగలరని అడిగితే, ఇందులో ముఆవియా (రజి) సాక్ష్యం ఉంది, ఆయన మక్కా విజయ సంవత్సరం హిజ్రీ 8లో ఇస్లాం స్వీకరించారు, ఖైబర్ అంతకు ముందే హిజ్రీ 7లో జయించబడింది. ఇందులో సఅద్ బిన్ ముఆజ్ (రజి) సాక్ష్యం ఉంది, ఆయన ఖైబర్‌కు రెండేళ్ళ ముందే హిజ్రీ 5లో మరణించారు అని వివరించారు. ఖతీబ్ (రహ్మ) పత్రం అందాన్ని చూడలేదు, అది తనకు నచ్చిందా లేదా అన్నదీ చూడలేదు. తేదీలు చూశారు. చనిపోయినవాడు సంతకం చేయలేడు.

మన విద్యార్థులకు వచ్చే ఫోటోల సంగతి కూడా అంతే. తుపాను వచ్చిందంటే చాలు, వేరే దేశంలో ఎప్పుడో పడిపోయిన వంతెన బొమ్మకు మన ఊరి పేరు తగిలించి పంపుతారు. బొమ్మను తిరగేసి వెదికే సౌకర్యం ఫోనులోనే ఉంది. అది మొదటిసారి ఎప్పుడు కనిపించిందో చూస్తే చాలు, సఅద్ (రజి) సంతకం బయటపడుతుంది.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక పరిశోధన ప్రకటించారు. 10 మంది చరిత్ర పండితులు, 25 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులు, వార్తల నిజానిజాలు పరిశీలించడమే వృత్తిగా గల 10 మందిని కూర్చోబెట్టి, కొన్ని వెబ్‌సైట్లను చూపి ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. పండితులు, విద్యార్థులు ఆ పేజీలోనే ఉండిపోయి పైనుండి కింద దాకా శ్రద్ధగా చదివారు. హంగు, చిహ్నం, పేరు చూసి చాలామంది మోసపోయారు. పరిశీలకులు మాత్రం పేజీని సగం కూడా చదవకుండా బయటికి వచ్చి, ఈ సంస్థ ఎవరిది, దీన్ని గురించి ఇతరులు ఏమంటున్నారు అని పక్కన వెదికారు. తక్కువ సమయంలో సరైన జవాబు వారే చెప్పారు. ఇది చదివినప్పుడు మాకు మా మదరసా పాఠం గుర్తుకు వచ్చింది. హదీసు విద్వాంసుడు మాట మాధుర్యానికి ముగ్ధుడు కాకముందే మోసినవాడి పేరు పట్టుకుని ఆ ఊరి వారిని విచారిస్తాడు. మన విద్యార్థులకు బడిలో దీనికి తలకిందులైన అలవాటు నేర్పుతున్నాము: ఎదుట ఉన్నదాన్ని పూర్తిగా చదువు, కంఠస్థం చెయ్యి, అప్పజెప్పు.

ఇంత చెప్పి మా తప్పు దాచుకుంటే అన్యాయం అవుతుంది. విద్య కోసం చైనాకైనా వెళ్ళమన్న మాటను మేము ఏళ్ళ తరబడి ఈ మింబరు మీద నుండి ప్రవక్త (స) వాక్యంగా చెప్పాము. పాఠశాల వార్షికోత్సవాలలో చెప్పాము. చప్పట్లు కూడా పుచ్చుకున్నాము. ఒకనాడు పదవ తరగతి చదివే ఒక పిల్లవాడు నమాజు తరువాత వచ్చి, “హజ్రత్, ఇది ఏ గ్రంథంలో ఉంది? నాకు దొరకలేదు” అన్నాడు. మాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి గ్రంథాలు తీశాము. ఇమామ్ బైహఖీ (రహ్మ) దీన్ని బలహీనమన్నారు. ఇబ్నుల్ జౌజీ (రహ్మ) కల్పిత హదీసుల సంపుటంలోనే చేర్చారు. ఇది మేము చదువుకోని విషయమూ కాదు. చదివి, మాట బాగుందని మరచిపోయిన విషయం. తరువాతి జుమా నాడు సభ ఎదుట ఆ సంగతి చెప్పాము. వెనుక వరుసలో ఒక పెద్దాయన, మంచి మాటే కదా, ఎవరంటే ఏమి అన్నారు. మంచి మాటే. ప్రవక్త (స) పేర చెప్పకుండా చెప్పుకోవచ్చు.

ఆ పిల్లవాడు నెట్‌లో వెదికే మమ్మల్ని పట్టుకున్నాడని గమనించండి. కనుక ఫోనును శాపనార్థాలు పెట్టే ప్రసంగం మేము చేయము. అదే పిల్లవాడి స్నేహితుడొకడు కృత్రిమ మేధ యంత్రాన్ని అడిగి, ఒక మాటకు బుఖారీ గ్రంథం పేరుతో, హదీసు సంఖ్యతో సహా ఆధారం తెచ్చాడు. ఆ సంఖ్య తీసి చూస్తే అక్కడ మరేదో ఉంది. యంత్రానికి అబద్ధమాడాలన్న కోరిక లేదు. జవాబులా కనిపించేదాన్ని అల్లడం దాని పని. గ్రంథం తెరిచి చూడడం మన పని.

ఈ నిర్లక్ష్యం ప్రాణాలు తీసిన సంవత్సరాలు మనం చూశాము. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు తెలుగు జిల్లాలలో కూడా పాకాయి. ఆ సందేశాల వెంట తిరిగిన ఒక వీడియో అసలు కరాచీలో పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను మేల్కొలిపేందుకు తీసిన ప్రకటన. ఎత్తుకుపోయిన పిల్లవాణ్ణి తిరిగి దింపే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతివారు ఐదుగురిని జనం కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా హద్దు పెట్టింది. అదే కాలంలో తెలంగాణ జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను గ్రామాలకు పంపి, డప్పుతో, పాటతో, పల్లె భాషలో ఈ సందేశాల గుట్టు విప్పించారు. లాఠీతో సాధ్యం కానిది ముందుగా చెప్పిన మాటతో అయింది. కేరళలోని కణ్ణూరు జిల్లా యంత్రాంగం కూడా ఆ ఏడాది ప్రభుత్వ బడులలో పిల్లలకు అసత్య వార్తలను గుర్తించే పాఠాలు చెప్పించింది. మన బడులలో అటువంటి పాఠానికి ఒక పీరియడు కేటాయించమని మేము ఉపాధ్యాయులను అభ్యర్థిస్తున్నాము.

2020ని మనం మరచిపోలేము. ఆ ఏడాది మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ ఘటన తరువాత పాత వీడియోలకు కొత్త పేర్లు పెట్టి ముస్లిములు కావాలని రోగం వ్యాపింపజేస్తున్నారని ప్రచారం చేశారు. పళ్ళు అమ్ముకునే పేద సోదరులను వీధుల్లోకి రానివ్వని చోట్లు ఉన్నాయి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ జమాతు సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయం వెలిబుచ్చింది. మన గాయం అది. కానీ న్యాయంగా మాట్లాడితే, అదే కాలంలో మన గ్రూపులలో టీకా వేస్తే సంతానం కలగదన్న సందేశాలు తిరిగాయి. అరబ్బీ లిపిలో నాలుగు అక్షరాలు పైన ఉంటే చాలు, ఎవరూ ప్రశ్నించలేదు. మేము ఉర్దూలో వచ్చినదీ తెలుగులో వచ్చినదీ పక్కపక్కన పెట్టి చూశాము. ఒకే సందేశంలో డాక్టరు పేరు రెండు రకాలుగా ఉంది. ఆ ఏప్రిల్‌లోనే చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె ప్రాంతంలో టిక్‌టాక్ వీడియో చూసి, ఉమ్మెత్త గింజలు నూరి తాగితే కరోనా రాదని నమ్మి పదిమంది వరకు ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త విషమని మన పల్లెలో పశువులు కాసే పిల్లవాడికి తెలుసు.

దీనికి ఎదురుగా మరో జబ్బు ఉంది. అన్నీ అబద్ధాలే అని చేతులు దులుపుకోవడం. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని కొట్టిన పెను తుపానులో సుమారు పదివేల మంది మరణించారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ వద్ద తీరం దాటింది. వాతావరణ శాఖ ముందుగా ఇచ్చిన సమాచారాన్ని నమ్మి లక్షలాది మంది తీరం వదిలి వెళ్ళారు. మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస వద్దనే తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలడం మీరంతా చూసినదే. నిజమైన వార్తను నమ్మకపోవడమూ ప్రాణాలు తీస్తుంది. అందుకే విచారించమని ఆజ్ఞ. నమ్మవద్దని కాదు.

ఇక మన ఇంటి విషయం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ తోటల మధ్య కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాలలో మూత్రపిండాల వ్యాధి రెండు దశాబ్దాలకు పైగా మనుషులను తినేస్తున్నది. 2019లో ప్రచురితమైన ఒక సర్వేలో పెద్దవారిలో సుమారు 18 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. నీరు, సిలికా, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు; ఒక్కొక్కదాన్నీ పరిశోధకులు అనుమానించారు, ఇదే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వైద్యులు ‘ఇంకా తెలియదు’ అన్న చోట ఫోను ‘మాకు తెలుసు’ అంటుంది. ఆ సందులో నుండే ఆపద లోపలికి వస్తుంది.

మన జమాతుకు చెందిన ఒక యువకుడు, డిగ్రీ చదువుతున్నవాడు, తండ్రికి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించేవాడు. తండ్రి అంటే ప్రాణం. కొబ్బరినీళ్ళు కిడ్నీలను కడిగి శుభ్రం చేస్తాయని ఒక వీడియో చూశాడు. తెల్ల కోటు వేసుకున్న మనిషి చెప్పాడు. లక్షల మంది చూశారు. కొబ్బరి వారి తోటలోనే ఉంది, పైసా ఖర్చు లేదు. రోజూ ఉదయం తానే చెట్టెక్కి బొండాం దింపి తండ్రికి తాగించాడు. ఆ నీళ్ళలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. పాడైన మూత్రపిండాలు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఒక రాత్రి తండ్రి కాళ్ళు చచ్చుబడి కూలిపోయాడు. అత్యవసరంగా డయాలసిస్ చేసి ఆ రాత్రికి బతికించారు. ఏమి తాగించావని అక్కడి నర్సు అడిగితే, ఆ అబ్బాయి గర్వంగా చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడట.

ఆ వీడియోలో చెప్పినది పూర్తిగా అబద్ధమైతే వాడు అంత సులభంగా పడేవాడు కాదు. ఎండలో పనిచేసే ఆరోగ్యవంతుడికి కొబ్బరినీళ్ళు మేలే. మాట ఒకరిది, అన్వయించినది మరొకరికి. ఫలానా రోగికి ఇది పనికివస్తుందా అని డయాలసిస్ గదిలో ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. ఆ తండ్రి కొన్ని నెలల తరువాత అల్లాహ్ సన్నిధికి చేరారు. కొబ్బరినీళ్ళ వల్లనే పోయారని ఊళ్ళో కొందరు అన్నారు. ఆ మాట కూడా ఎవరూ నిర్ధారించలేదు. మేము ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అదే చెప్పాము: “బాబూ, నీ మీద వేసుకుంటున్న ఈ నిందకు కూడా ఆధారం అడుగు.” వాడు చాలాసేపు ఏడ్చాడు.

ఇప్పుడు వాడే మన మసీదులో ఆదివారాలు అసర్ తరువాత పిల్లలను కూర్చోబెడుతున్నాడు. పెద్ద పాఠాలేమీ లేవు. మన పలాస జీడి పరిశ్రమలో పప్పు ఏరే తల్లులు ఒక్కొక్క పలుకునూ చూసి గుండు పక్కన, బద్ద పక్కన, ముక్క పక్కన వేస్తారు. చూడకుండా బుట్ట కుమ్మరించరు. అలా వారం రోజులలో ఫోనుకు వచ్చినవాటిని ఏరిస్తున్నాడు. వాతావరణం మాట అయితే వాతావరణ శాఖ ప్రకటనలో ఉందా, సముద్రం మాట అయితే ఇన్‌కాయిస్ చెప్పిందా, ప్రభుత్వ పథకం అయితే ఉత్తర్వు సంఖ్య ఏది? తెలుగులో ఫ్యాక్ట్‌లీ వంటి పరిశీలన సంస్థలు ముందే విచారించాయా? బడి వ్యాసానికి నెట్‌లో నుండి తీసుకున్నది అయితే ఎవరిదో పేరు రాశావా? దేనికీ జవాబు దొరకకపోతే తెలియదని రాయాలి. ఇమామ్ మాలిక్ (రహ్మ) ను ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు తెలియదన్నారని ఉల్లేఖనం ఉంది. మన పిల్లలకు ఆ మాట రాయడం మొదట్లో నామోషీగా ఉండేది.

దానికి ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టారు. గీతలు గీసి గళ్ళు కట్టారు: ఎవరు చెప్పారు, ఎవరి ద్వారా వచ్చింది, మొదట ఎప్పుడు కనిపించింది, ఎవరికి పంపాము. షేక్ అహ్మద్ కల సందేశాన్ని మొన్న వారమే అందులో ఎక్కించారు. తెచ్చినది ఆ రమజాను పిల్లవాడే. మొదటి గడిలో తెలియదు. రెండవ గడిలో తెలియదు. మూడవ గడిలో, మమ్మల్ని అడిగి, 1884 కంటే ముందు అని రాశాడు. నాలుగవ గడిలో ఎవరికీ పంపలేదు అని రాసి, కింద తన పేరు పెట్టాడు.